బాపు జీతం, నా థీసిస్

2015 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం ఉద్యోగులకు, టీచర్లకు 43 శాతం ఫిట్‌మెంట్, అంటే జీతం పెంపు, ప్రకటించిన రోజు సాయంత్రం మా ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది. హన్మకొండలో మేముండే గల్లీలో సగం ఇండ్లు టీచర్లవే. మా బాపు ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక బడి టీచర్. బాపుతో పనిచేసే ఇద్దరు సార్లు స్వీట్ డబ్బా పట్టుకుని వచ్చారు. ఎవరి బేసిక్ ఎంతవుతుంది, చేతికి ఎంతొస్తుంది అని పాత క్యాలెండర్ వెనక లెక్కలేస్తున్నారు. నేనప్పుడు కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ చివరి సంవత్సరం. చాయ్ అందిస్తూ, నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.

"బాపూ, జీతం గింత పెరిగింది గదా, రేపటి సంది పిల్లలు ఎక్కువ నేర్చుకుంటరా?"

సార్లిద్దరూ చాయ్ తాగుతూ ఊరుకున్నారు. వాళ్లు వెళ్లాక బాపు అన్నాడు: "398 రూపాయల జీతమప్పుడు గూడ పాఠం గట్లనే చెప్పిన బిడ్డా. ఇప్పుడు గూడ గట్లనే చెప్తున్న." కాసేపాగి మళ్లీ అన్నాడు: "కానీ 398తోని మీ అమ్మకు మందులు తేలేకపోయిన. అది గూడ యాదిపెట్టుకో."

ఆ రెండు మాటలూ కలిపే నా థీసిస్. దాన్ని రాయడానికి మాత్రం ఏడేళ్లు పట్టింది.

398 అంటే తెలియని వాళ్ల కోసం చెప్తాను. ఉమ్మడి రాష్ట్రంలో ఎనభైల్లో, తొంభైల్లో కొత్తగా చేరిన టీచర్లను చాలామందిని మొదట స్పెషల్ టీచర్లుగా తీసుకుని నెలకు 398 రూపాయలే ఇచ్చేవారు. స్కేలు ఆ తర్వాత. ఇప్పటికీ "398 టీచర్లు" అంటే మా దగ్గర అందరికీ అర్థమవుతుంది. ఆ సర్వీసు కాలానికి ఇంక్రిమెంట్లు కలపాలని సంఘాలు ఏండ్ల తరబడి అడుగుతూ వచ్చాయి. బాపు ఎనభైల చివర్లో ఆ జీతానికే చేరాడు.

2016లో నాకు జేఆర్ఎఫ్, పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్, వచ్చింది. పీహెచ్‌డీలో చేరి, "టీచర్ల జీతం, బోధన నాణ్యత" అని సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) మీద పెద్ద అక్షరాలతో రాసుకుని గైడ్ సార్ దగ్గరికి వెళ్లాను. సార్ మొదటి పేజీ మాత్రమే చూశారు. "జీతమంటే తెలుసు. ట్రెజరీలో దొరుకుతుంది. నాణ్యత అంటే ఏంటిదమ్మా? అది చెప్పినంక రెండో పేజీకి పోదాం" అన్నారు. ఆ రెండో పేజీకి పోవడానికి ఆరు నెలలు పట్టింది.

మొదట డిగ్రీలు రాసుకుపోయాను. బీఈడీ ఉందా, ఎన్నేళ్ల సర్వీసు, టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో ఎన్ని మార్కులు. ఎరిక్ హనుషెక్ లాంటి ఆర్థికవేత్తలు డెబ్బైల నుంచే చెప్తున్న విషయం అప్పుడు చదివాను. ఒక టీచరుకూ ఇంకో టీచరుకూ మధ్య తేడా చాలా పెద్దది, కానీ ఆ తేడా సర్టిఫికెట్లలో సరిగ్గా కనపడదు. జీతం స్కేళ్లేమో సర్టిఫికెట్ల మీద, సర్వీసు మీదే నడుస్తాయి. మరి నాణ్యతను ఎలా కొలవాలి? ఏడాది మొదట్లో పిల్ల ఎక్కడుంది, చివరికి ఎక్కడికి చేరింది, ఆ మధ్య దూరంలో టీచర్ వాటా ఎంత, అని చూడాలి. దీన్నే వాల్యూ యాడెడ్ అంటారు. 2014లో రాజ్ చెట్టి, జాన్ ఫ్రీడ్‌మన్, జోనా రాకాఫ్ అమెరికాలో 25 లక్షల మంది పిల్లల మార్కులను, వాళ్లు పెద్దయ్యాక కట్టిన పన్నుల రికార్డులతో కలిపి చూశారు. చిన్నప్పుడు మంచి టీచర్ దొరికిన పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ సంపాదిస్తున్నారని తేల్చారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాపు దగ్గర చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో ఎవరూ రాసిపెట్టలేదు కదా అనిపించింది.

జీతం గురించి చదివే కొద్దీ ప్రశ్న గట్టిపడింది. ఇండోనేషియాలో 2005 చట్టంతో, సర్టిఫికేషన్ పొందిన టీచర్ల జీతం దాదాపు రెట్టింపు చేశారు. దాని ఫలితాన్ని 360 బడుల్లో పరీక్షించిన పరిశోధన 2018లో అచ్చయింది. టీచర్లు సంతోషపడ్డారు, రెండో పని చేసుకోవాల్సిన అవసరం తగ్గింది, డబ్బు కటకట తగ్గింది. పిల్లల చదువు మాత్రం రెండేళ్లకూ మూడేళ్లకూ అంగుళం కదల్లేదు. చదువుతుంటే బాపు చెప్పిన రెండు మాటలు అట్లే కనబడ్డాయి.

ఇక మన బడుల్లోనే జరిగింది ఇంకొకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని సర్కారు ప్రాథమిక బడుల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ చేసిన ప్రయోగం. లాటరీ తీసి కొన్ని బడుల్లో, పిల్లల సగటు మార్కులు పెరిగిన కొద్దీ టీచర్లకు బోనస్ ఇచ్చారు. ఆ బోనస్ సగటున ఏడాది జీతంలో 3 శాతమే. రెండేళ్ల తర్వాత ఆ బడుల పిల్లలు మిగతా వాళ్లకంటే లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ ముందున్నారు. బాపుకు ఈ అంకెలు చెప్తే ఏం అర్థంకాలేదు. అప్పుడు ఇట్లా చెప్పాను: వంద మందిని లెక్కల మార్కుల వరుసలో నిలబెడితే, 50వ చోట ఉన్న పిల్ల దాదాపు 60వ చోటికి వచ్చినట్టు. బాపు చాలాసేపు ఆలోచించాడు. "పైసలకు గాదు. ఎవరో వచ్చి చూస్తరు, లెక్కగడ్తరు అంటే మనిషి తయారైతడు" అన్నాడు. నేను పూర్తిగా ఒప్పుకోలేదు. అమెరికాలో నాష్‌విల్‌లో 15 వేల డాలర్ల దాకా బోనస్ పెట్టి చూస్తే మొత్తం మీద పిల్లల మార్కులేం పెరగలేదు. అక్కడా లెక్కగట్టారు కదా. ఈ వాదన మా ఇద్దరి మధ్య ఇప్పటికీ తెగలేదు.

నేను లాటరీ తీయగలిగేదాన్ని కాదు, బోనస్ ఇవ్వగలిగేదాన్ని అంతకన్నా కాదు. నా దగ్గరున్నది ఒక్కటే. మన బడుల్లో ఒకే గోడ కింద రెండు జీతాలు ఉండేవి. రెగ్యులర్ టీచర్, పక్క తరగతిలో తాత్కాలికంగా తీసుకున్న విద్యా వాలంటీర్. వాలంటీర్‌కు నెలకు 12 వేలు. రెగ్యులర్ టీచర్‌కు సర్వీసును బట్టి దానికి నాలుగైదు రెట్లు. పిల్లలు ఒకే ఊరి పిల్లలు. ఈ రెండు రకాల తరగతుల్లో ఏడాదికి పిల్లలు ఎంత నేర్చుకుంటున్నారో చూస్తానని సినాప్సిస్ మార్చి రాశాను. నర్సంపేట వైపు, పరకాల వైపు, ములుగు నుంచి ఏటూరునాగారం దారిలో, కలిపి 36 బడులు ఎంచుకున్నాను.

ముందు అనుకున్నది బడిలోనే పెట్టే ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షల మార్కులు తీసుకుందామని. మొదటి బడిలోనే ఆ ఆశ పోయింది. రిజిస్టర్‌లో 'ఎ' గ్రేడ్ ఉన్న పిల్లవాడికి పేజీ తెరిచి ఇస్తే మూడు పదాలు చదివి ఆగిపోయాడు. టీచర్‌ను తప్పు పట్టడానికి చెప్పడం లేదు. తాను చెప్పిన చదువుకు తానే మార్కులు వేసి పైకి పంపమంటే ఎవరైనా అట్లాగే వేస్తారు. కానీ దానితో నా పని జరగదు. నేనే తెలుగుకు, లెక్కలకు చిన్న పరీక్ష తయారుచేసుకుని, ఒక్కో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. జూన్‌లో ఒకసారి, మార్చిలో ఒకసారి. మధ్యలో చెప్పకుండా వెళ్లి హాజరు చూడాలి.

2018-19 విద్యా సంవత్సరం మొత్తం నేను ఆర్టీసీ బస్సుల్లోనే ఉన్నాను. పొద్దున్నే హన్మకొండ బస్టాండ్, భుజాన సంచిలో ప్రశ్నపత్రాలు, పెన్సిళ్లు, ఒక డబ్బా నిండా చాక్లెట్లు. చాక్లెట్లు పరీక్ష అయ్యాకే ఇవ్వాలని గైడ్ సార్ గట్టిగా చెప్పారు.

ఏటూరునాగారం దారిలో లోపలికున్న ఒక ఊరి బడి. నాలుగో తరగతి పిల్ల, నూనె పెట్టి రెండు జడలు వేసుకుంది. 52 నుంచి 17 తీసేయమని ఇచ్చాను. చాలా శ్రద్ధగా, నాలుక కొన బయటపెట్టి, 45 అని రాసింది. ఐదులోంచి ఒకటి తీస్తే నాలుగు, ఏడులోంచి రెండు తీస్తే ఐదు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని ఎవరో చెప్పారు, తను అది పాటించింది. ఆమెకు లెక్క రాకపోవడం కాదు అది. సగం వచ్చింది. మిగతా సగం ఎవరూ కూర్చుని చెప్పలేదు, అంతే. నేను తప్పు అని చెప్పకూడదు, నియమం. కాగితం తిప్పి ఇంకో లెక్క ఇచ్చాను.

ఆ తరగతి విద్యా వాలంటీర్ కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. ఇంటర్వెల్‌లో నేను బయట చెట్టుకింద కాగితాలు సర్దుకుంటుంటే లోపల మాటలు వినబడ్డాయి. తొంగి చూశాను. ఆమె ఆ పిల్లతో పాటు నేల మీద కూర్చుంది. ముందు చీపురు పుల్లలు, పదేసి కలిపి రబ్బరు బ్యాండ్ వేసిన కట్టలు.

"ఐదు కట్టలు, రెండు పుల్లలు. నాకు ఏడు పుల్లలు ఇయ్యి."

"రెండే ఉన్నయి టీచర్."

"మరెట్ల?"

పిల్ల కాసేపు కట్టల వైపు చూసింది. ఒక కట్ట తీసి, అడగాలా వద్దా అన్నట్టు టీచర్ మొహం చూసి, రబ్బరు బ్యాండ్ లాగేసింది. పుల్లలు నేల మీద పరుచుకున్నాయి. టీచర్ ఏమీ అనలేదు. పిల్ల ఒక్కొక్కటీ లెక్కబెట్టుకుంటూ ఏడు ఇచ్చింది. తర్వాత ఇంకో కట్ట ఇచ్చింది. మిగిలినవి లెక్కబెట్టి 35 అంది.

ఆమెకు ఆ నెల పైసలు రాలేదు. అంతకుముందు రెండు నెలలవీ రాలేదు. అది నేను అడగలేదు, ఫారంలో ఉన్న ప్రశ్నకు జవాబుగా చెప్పింది. ఆమె గురించి రాయడానికి నాకు ఫెలోషిప్ నెలకు 25 వేలు. ఆ జనవరి నుంచి అది 31 వేలైంది. ఆ ఫారం నింపుతుంటే నాకు చేయి ఆడలేదు. ఈ విషయం థీసిస్‌లో ఎక్కడా రాయలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇది చదివి తక్కువ జీతం టీచర్లే మంచివాళ్లని ఎవరైనా అనుకుంటే నాకు బాధేస్తుంది. ఇంకో బడిలో వాలంటీర్ 2017 టీఆర్‌టీ (టీచర్ల భర్తీ పరీక్ష) నియామకాల కోసం ఎదురుచూస్తూ, ఇంకేవో పోటీ పరీక్షల పుస్తకాలు టేబుల్ మీద పెట్టుకుని చదువుకునేవాడు. పిల్లలు ఎక్కాలు చూసి రాసుకునేవారు. అతన్నీ నేను తప్పు పట్టలేను, పది నెలల పనికి జీవితాన్ని ఎవరు రాసిస్తారు? అదే చీపురు పుల్లల బడిలో హెడ్మాస్టర్ సార్ రెగ్యులర్, ఇరవై ఏళ్ల సర్వీసు. జనవరి నుంచి మార్చి దాకా మా వైపు మిర్చి ఏరే కాలం. పిల్లలు తల్లిదండ్రుల వెంట చేన్లకు పోతారు. ఆ సార్ పొద్దున్నే బండి మీద చేన్లకు వెళ్లి, ఒక్కొక్కరిని ఎక్కించుకుని బడికి తెచ్చేవారు. కళ్లు మండుతున్న పిల్లలకు బోరింగు దగ్గర చేతులు కడిగించి లోపలికి పంపేవారు. నా పరీక్షలో ఆ పనికి మార్కులు లేవు. ఆయన తెచ్చిన పిల్లలు చాలా రోజులు బడికి రాలేదు కాబట్టి మార్చిలో తక్కువ మార్కులే తెచ్చుకున్నారు. తేకుండా వదిలేస్తే సగటు పెరిగేది. వాల్యూ యాడెడ్ అనే కొలత ఎక్కడ తప్పు చెప్తుందో నాకు ఏ పాఠ్యపుస్తకం కంటే ఆ బోరింగు దగ్గర బాగా అర్థమైంది.

హాజరు లెక్కల కథ వేరే. 2003లో మైఖేల్ క్రెమర్, మురళీధరన్ వాళ్లు దేశవ్యాప్తంగా చెప్పకుండా బడులకు వెళ్లి చూస్తే 25 శాతం టీచర్లు బడిలో లేరు. అదే పద్ధతిలో నేనూ వెళ్లాను. అయితే ఆ ఏడాది డిసెంబర్ 7న అసెంబ్లీ ఎన్నికలు, జనవరిలో మూడు విడతల పంచాయతీ ఎన్నికలు, ఏప్రిల్ 11న లోక్‌సభ. ఒక ఏకోపాధ్యాయ బడికి డిసెంబర్ మొదటి వారంలో వెళ్తే తాళం ఉంది. వేపచెట్టు కింద కూర్చున్న పెద్దాయన, "సారు ఎలచ్చన్ల ట్రైనింగుకు పోయిండు బిడ్డా, రేపొస్తడు" అన్నాడు. నా ఫారంలో 'ఉన్నారు', 'లేరు' అని రెండే గడులు. 'లేరు' దగ్గర టిక్ పెట్టబోయి ఆగాను. ఆ రాత్రి ఫారం మార్చి, ఎందుకు లేరో రాసే గడి కలిపాను. ముందు చేసిన ఫారాలన్నింటికీ మళ్లీ ఫోన్లు చేసి కారణాలు రాసుకున్నాను. కారణమే లేని గైర్హాజరు కూడా ఉంది, అది దాచను. కానీ రెండూ ఒకే గడిలో పడకూడదు.

ఈలోగా 2019 ఫిబ్రవరి 17న ములుగు కొత్త జిల్లా అయింది. నా అనుమతి కాగితం మీద జయశంకర్ భూపాలపల్లి జిల్లా అని ఉంది. మార్చి పరీక్షలకు మూడు వారాలే టైముంది, మళ్లీ మొదట్నుంచి దరఖాస్తు. ఆ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. కాగితం చివరి వారంలో చేతికొచ్చింది.

2019 అక్టోబర్‌లో క్రెమర్‌కు, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిపి నోబెల్ ప్రకటించారు. నేనప్పుడు డేటా ఎంట్రీలో ఉన్నాను. బాపు టీవీలో చూసి ఫోన్ చేశాడు. "నువ్వు చెప్పిన సారే గదా, బడి తాళాలు చూసిన సారు?" అన్నాడు. అంత సంతోషం నాకు జేఆర్ఎఫ్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

కొవిడ్‌తో బడులు మూతపడ్డాయి. విద్యా వాలంటీర్లను కొనసాగించలేదు. రెండో ఏడాది పరీక్ష పెట్టాలన్న నా ప్లాన్ అక్కడే ఆగిపోయింది. ఇంట్లో కూర్చుని స్టాటా సాఫ్ట్‌వేర్‌లో రిగ్రెషన్లు, అంటే గణాంకాల లెక్కలు, చేసుకుంటూ పోయాను. జీతం ఎక్కువున్న తరగతులకూ తక్కువున్న తరగతులకూ మధ్య తేడా ఉందని చెప్పలేకపోయాను. లేదని కూడా చెప్పలేకపోయాను. 36 బడులు, ఒక్క ఏడాది. దానితో అంతకుమించి తేలదు. అదే జీతం తీసుకునే వాళ్లలో మాత్రం ఒకరికీ ఇంకొకరికీ మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. ఇట్లా రాస్తే డిగ్రీ ఇస్తారా అని భయపడుతూ గైడ్ సార్‌కు చూపించాను. సార్ ఒక్క వాక్యం కింద గీత గీశారు. 'ఈ డేటా నుంచి చెప్పలేము' అన్న వాక్యం. "ఇది తీసేయకు" అన్నారు.

దానిలోంచి ఒక వ్యాసం తీసి పంపితే ఒక జర్నల్ తిప్పిపంపింది. వ్యాసాన్ని పరిశీలించిన రిఫరీ రాసింది సరైనదే. వాలంటీర్లను ఖాళీలున్న చోట, పిల్లలు ఎక్కువున్న చోట వేశారు, లాటరీ తీసి వేయలేదు. కాబట్టి ఆ తరగతులు మొదటి నుంచే వేరు. ఉమ్మడి రాష్ట్ర ప్రయోగంలోనే ఒక భాగంలో వంద బడులకు లాటరీ తీసి అదనంగా కాంట్రాక్ట్ టీచర్‌ను ఇచ్చారు, అక్కడ పిల్లలు ముందుకెళ్లారు. రెండు రోజులు బాధపడ్డాను. తర్వాత ఆ రిఫరీ మాటలనే నాలుగో అధ్యాయం మొదట్లో పెట్టుకున్నాను.

2022లో వైవా, థీసిస్ మీద మౌఖిక పరీక్ష. బాపు వెనక బెంచీలో కూర్చున్నాడు. బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ సూటిగా అడిగారు, "అయితే జీతాలు పెంచడం దండగంటారా?"

కాదన్నాను. ఇండోనేషియాలో చూసింది అప్పటికే ఉద్యోగంలో ఉన్న టీచర్లను. రేపు టీచర్ కావాలా, ఇంకేదన్నా కావాలా అని ఇంటర్ తర్వాత ఆలోచించే పిల్లను జీతం కదిలిస్తుంది, దాని ఫలితం పదేళ్లకు గానీ కనబడదు. ఇంకొకటి కూడా చెప్పాను. టీచరు ఇంట్లో మందులు ఉండటం దానంతటదే కావలసిన విషయం, దానికి పిల్లల మార్కులను సాక్ష్యం అడగకూడదు. పిల్లలు నేర్చుకోవాలంటే మాత్రం జీతంతో పాటు వేరే పని చేయాలి. ఏం నేర్చుకున్నారో బయటివాళ్లు నిజాయితీగా చూడాలి, వచ్చిన లోపాన్ని టీచర్‌కు చేతికివ్వాలి, 45 అని ఎందుకు రాసిందో చూపించాలి. ప్రొఫెసర్ ఇంకో ప్రశ్న అడగలేదు. బాపు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్తున్నాను. సెలవుల్లో జీతం రాదు. ఏప్రిల్ చివర్లో ఇంటి ఖర్చులు రాసుకుంటుంటే నా ఫారంలోని ప్రశ్నలు గుర్తొస్తాయి. పాఠం చెప్పేటప్పుడు గుర్తురావు. బాపు చెప్పింది అదే కావచ్చు, కానీ నేనొక్కదాన్ని, ఒక్కరి మీద ఏదీ తేల్చకూడదు.

2024 డీఎస్సీలో, అంటే సర్కారు టీచర్ల భర్తీలో, 11,062 పోస్టులు పడ్డాయి. ఆ అక్టోబర్‌లో ఒక రాత్రి తెలియని నంబర్ నుంచి ఫోన్. "మేడం, నేను... చీపురు పుల్లలు" అంది. అంతే, గుర్తుపట్టాను. ఎస్‌జీటీ వచ్చిందట. వయసు దాటిపోతుందేమోనని చివరిదాకా భయపడిందట. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. పోయిన నెల మళ్లీ మాట్లాడినప్పుడు బాపును అడిగిన ప్రశ్నే ఆమెనూ అడిగాను, జీతం పెరిగాక చెప్పడం ఏమన్నా మారిందా అని.

"నేను చెప్తే ఏముంది మేడం, మీ కాగితాలు పట్టుకుని రాండ్రి. పిల్లల్నే అడుగుండ్రి" అంది.

ఆమె ఇప్పుడు నాలుగో తరగతికే చెప్తోంది. జూన్‌లో బడులు తెరుస్తారు. పాత ప్రశ్నపత్రం తీసి చూశాను, 52, 17 తీసేసి వేరే అంకెలు పెట్టాలి.